పరదేశీలకు కాపలా

నిజాం రాజ్యం పోయిన కొత్తలో నాకు సిద్దిపేటలో జవాను ఉద్యోగం దొరికింది. పరదేశీలని అనుమానం ఉన్నవాళ్లను ఓడ ఎక్కించి పంపేదాకా బాటసారులు దిగే ఒక పాత సరాయిలో ఉంచేవారు. పగలు ఆ తలుపు దగ్గర కాపలా నాది.

వాళ్లలో నడివయసు అరబ్బు ఒకాయన ఉండేవాడు. మిరుదొడ్డిలో ఒక షావుకారు ఇంటికి కావలి. అరబ్బు కావలివాళ్లను పిలిచినట్టే ఆయన్నీ అందరూ చావూష్ అనేవాళ్లు. పేరుకే అరబ్బు, మాట మా మాటే.

"నువ్వూ కాపలోనివే, నేనూ కాపలోన్నే. గట్ల బిగుసుకొని నిలవడితే మోకాళ్లు పోతయి బిడ్డా, జర గోడకు ఆనుకో" అని మొదటి రోజే నాకు పని నేర్పాడు.

ఆయన భార్య తెలుగు మనిషి. అంగడి రోజున ఎవరి బండో పట్టుకొని జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చేది. ఆమెను లోపలికి పంపకూడదని హుకుం. తలుపు ఓరగా తీసి, గడపకు అటొకరిని ఇటొకరిని కూర్చోబెట్టేవాణ్ణి.

"ఉప్పెక్కువైంది" అనేవాడు ఆయన.

"ఇంటికొచ్చి నువ్వే వండుకో" అనేది ఆమె.

ఆమె వెళ్లాక గొళ్లెం పెట్టడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. "ఏసెయ్ బిడ్డా, నీ నౌకరి గది" అని ఆయనే లోపలి నుంచి అనేవాడు.

ఒకనాడు అందరినీ పంపించే హుకుం వచ్చింది. చావూష్ మొహం వాడిపోయింది.

"మా నాయిన దేశం నేను కండ్లతోని సూడలే. ఆళ్ల మాట నాకు రాదు. గాడ ఆకలైతే ఎట్ల అడగాలె బిడ్డా?"

ఇక్కడే పుట్టినట్టు సాక్ష్యం ఉంటే వదిలేస్తారని సర్కారు కచేరీలో విన్నాను. ఆ మాట ఆయన భార్య చెవిన వేశాను. మరునాడే ఆమె గడ్డి పరిచిన బండిలో ఒక ముసలి మంత్రసానిని పడుకోబెట్టుకొని వచ్చింది. ఆ ముసలామెకు చూపు సరిగా లేదు. అధికారి ముందు చావూష్ మొహం చేతులతో తడిమింది.

"గీని బొడ్డు కోసింది నేనే దొరా. కాళ్లు ముందుగాల వచ్చినయి, తల్లి సావు తప్పి బతికింది. గీన్ని పరదేశోడంటరేంది?" అని, ఆయన నెత్తిన ఒక్కటి వేసింది. "గింత బక్కగైనవేందిరా!"

అధికారికి నవ్వు ఆగలేదు. ఊరివాళ్లను కూడా విచారించి సాయంత్రానికి వదిలేశాడు. చావూష్ నన్ను వాటేసుకొని బండెక్కాడు.

ఆ సంబరంతో వెనక్కి వస్తే, సరాయిలో ఉంచినవాళ్లలోనే ఒకడు, ఇంగువ అమ్మే పఠాను యువకుడు, కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడే మేనమామ వెంట దేశం దాటి వచ్చాడట.

"మా అమ్మ గాడ ఉంది. నేను పోతె గుర్తువడతదా?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"పడతది" అన్నాను. నాకేం తెలుసు? అంతకంటే ఏమనగలను?

ఓడరేవుకు పోయే లారీ ఎక్కేముందు తన దగ్గర మిగిలిన ఇంగువ ముద్ద నా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి మా అవ్వకు అంతా చెప్పాను. ఆమె దాన్ని పోపులో వేయలేదు.

"పిలగాడు తల్లిని జేరిండన్న కబురు రానీ, అప్పుడు ఏస్త" అని ఉట్టిలో దాచింది.

కబురు రావడానికి మా ఇల్లు ఎవరికి తెలుసు? అయినా ఆ మాట అవ్వతో అనలేకపోయాను.