ట్రంకు పెట్టె చీర

అది కరోనాకు ముందటి ఏడాది, ఎండాకాలం. కర్నూలులో ఒక ఆసుపత్రి పసిబిడ్డల యూనిట్‌కు నేను హెడ్ నర్సుని. నా గొంతు పెద్దది. తల్లులు నన్ను చూసి మొదట భయపడతారు, ఇంటికి పోయేటప్పుడు వాటేసుకుంటారు. అందుకే అరవడం నేనేమీ తగ్గించుకోలేదు.

కోడుమూరు దగ్గరి పల్లె నుంచి రూతు అనే అమ్మాయి కాన్పుకు వచ్చింది. పెళ్లయిన చాలా ఏళ్లకు కలిగిన బిడ్డ, మగపిల్లాడు. తోడుగా వాళ్లమ్మ మార్తమ్మ ఉండేది. రెండో రోజుకే పిల్లాడికి కామెర్లు కనిపించాయి. ఫోటోథెరపీ పెట్టాం, అంటే బట్టలు విప్పి, కళ్లకు గంతలు కట్టి నీలి దీపాల కింద పడుకోబెట్టడం. పసుపు దిగగానే తల్లి పక్కకు పంపించాం. మార్తమ్మ మనవణ్ణి మెత్తటి పాత నూలు చీరలో చుట్టి, వార్డంతా తిప్పి అందరికీ చూపించుకుంది.

మరునాటికి బిడ్డ మళ్లీ పసుపు ముద్దయ్యాడు. పాలు తాగడం లేదు. మూత్రం టీ రంగులో వస్తోంది. రక్తకణాలు పగిలినప్పుడు పుట్టే పసుపు పదార్థాన్ని బిలిరుబిన్ అంటాం. అది మెదడుకెక్కితే బిడ్డ బతికినా చెవులు వినిపించకపోవచ్చు. డాక్టరమ్మ ఎక్స్ఛేంజ్ ట్రాన్స్‌ఫ్యూజన్‌కు, అంటే ఒంట్లోని రక్తాన్ని కొద్దికొద్దిగా తీస్తూ వేరే రక్తం ఎక్కించడానికి, ఏర్పాట్లు చేయమంది. అంతలో పరీక్ష ఫలితం వచ్చింది. జి-సిక్స్-పీడీ లోపం. ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్ ఒకటి పుట్టుకతోనే తక్కువ.

"ఇలాంటి పిల్లలకు కొన్ని మందులు, కలరా ఉండల ఘాటు పడవు సిస్టర్. వీడికేం తగిలిందో కనుక్కోండి" అంది డాక్టరమ్మ.

నేరుగా మార్తమ్మ దగ్గరికి పోయాను.

"బిడ్డకు పసరేమన్నా పోసినావా? నిజం చెప్పు!"

"అయ్యో, ప్రభువు తోడు సిస్టరమ్మా! తల్లిపాలు తప్ప నీళ్లచుక్క గూడా పొయ్యలేదు."

"కలరా ఉండలేమన్నా తెచ్చుకున్నావా ఈడికి?"

"ఆసుపత్రికి అవెందుకు తెస్తానమ్మా? కావాలంటే సంచి ఇప్పి సూడు."

విప్పి చూశాను. బైబిలు, దువ్వెన, జొన్నరొట్టెల మూట. యూనిట్‌కు తీసుకుపోదామని బిడ్డను ఎత్తుకున్నాను.

వార్డులో ఎప్పుడూ ఫినాయిల్ కంపు. అందులో ఇంకో వాసన తెలిసి చావదు. యూనిట్‌కు పోవాలంటే వరండా దాటాలి. అక్కడ వడగాలి కొట్టింది. బిడ్డకు తగలకుండా గుండెకు హత్తుకున్నాను. చీరలోంచి ఘాటు గుప్పుమంది. కలరా ఉండలే!

అక్కడికక్కడే చీర లాగేశాను. "ఈ చీర యాడిది?" అని అరిచాను.

వెనకే వస్తున్న మార్తమ్మ బిత్తరపోయింది. "మా యమ్మదమ్మా. పురిటిబిడ్డకు కొత్తబట్ట ఎయ్యగూడదు గదా. మా యమ్మ శానా కాలం బతికింది. ఆఖరుదాకా సొంత పండ్లతోనే రొట్టె నమిలింది. ఆయమ్మ ఆయుష్షు వీనికి రావాలని, రూతు పెండ్లయినప్పటి నుంచి ట్రంకు పెట్టెలో పురుగు పట్టకుండా కలరా ఉండలేసి..."

చెబుతూ చెబుతూనే ఆగిపోయింది. "నా చేతులతోనే చేసినానా తల్లీ?" అంటూ కూలబడింది.

నా కోపమంతా ఎటు పోయిందో! "లోపం పుట్టుకతో వచ్చింది, నీవల్ల కాదు. ఏడుపు తర్వాత. ముందు లేచి ఆ తలుపు తెరువు" అన్నాను.

బిడ్డ ఒళ్లు తుడిచి దీపాల కింద పెట్టాం. రక్తం సిద్ధంగా ఉంది. తర్వాతి పరీక్షలో పసుపు పెరగలేదు. ఆ తర్వాతి దాంట్లో దిగింది. రక్తం మార్చే పని పడలేదు. నేనూ డాక్టరమ్మా ఒకరినొకరు చూసుకుని నవ్వేశాం. మార్తమ్మ మాత్రం చీర కాల్చేస్తానని కూర్చుంది. "మీ అమ్మ గుర్తు కదా, ఉంచుకో. బిడ్డ దగ్గరికి మాత్రం రానీకు" అని నచ్చజెప్పాను.

వానలు పడ్డాక చెకప్‌కు వచ్చారు. డాక్టరమ్మ పక్కన గంట వాయించగానే పిల్లాడు తల తిప్పి చూశాడు. బంగారుకొండ! మార్తమ్మ ఒంటి మీద గంజి పెళపెళలాడే నూలు చీర ఉంది.

"ఏం మార్తమ్మా, కొత్త చీరా? పెండ్లికూతురి మాదిరుండావే!"

"దీన్ని పాతది చేస్తాండానమ్మా. కట్టేది, ఉతికేది, ఎండకేసేది. రూతుకు ఇంకో బిడ్డ పుట్టేసరికి మెత్తగయితాది. పెట్టె మొగం సూపియ్యను."

"మరి శానా కాలం బతికినోళ్ల చీరే కావాలంటివే?"

"అందుకే గదమ్మా, నేను గూడా శానా కాలం బతకాలనుకుంటాండా" అంది మనవణ్ణి ముద్దు పెట్టుకుంటూ.

అప్పటి నుంచి కామెర్ల బిడ్డ ఎవరొచ్చినా, చుట్టిన బట్ట ఎవరిది, ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు అని అడుగుతాను. మా వార్డులో నేను అరవకుండా అడిగే ప్రశ్న అదొక్కటే. ఆ బట్టను ఎంత ఆశతో దాచిపెట్టుకుని ఉంటారో నాకు తెలుసు.