మేడమ్ కడిగిన చేతులు

మా మేడమ్ పోయారన్న కబురు నాకు కాలేజీ నుంచి రాలేదు. పాకాలలో మిషన్ కుట్టుకునే ఒకావిడ తెల్లవారగానే ఫోన్ చేసి చెప్పింది. ముందురోజు జాకెట్లు ఇచ్చి పోదామని తిరుపతికి వచ్చి, మేడమ్ ఉండమంటే ఆగిపోయిందట. "నిద్రలోనే పోయిందమ్మా పెద్దమ్మ. కాఫీ ఎత్తుకోని పోయి లేపితే లెయ్యలేదు. మీరు తొందరగా రాండి" అంది.

ఆవిడకూ మేడమ్‌కూ చుట్టరికం లేదు. ఎప్పుడో జరిగిన హత్యలు వాళ్ళిద్దరినీ కలిపాయి. నేనీ నాలుగు మాటలు రాస్తున్నది కూడా ఆ సంగతి కోసమే. మిగతావన్నీ సంతాపసభలో ఎలాగూ చెబుతారు, ఫ్లెక్సీ మీద బిరుదులతో సహా.

మేడమ్ నాకు ఫోరెన్సిక్ మెడిసిన్ చెప్పిన గురువు. ఆ క్లాసులో పిల్లలు మామూలుగా శవాలకు భయపడతారు. మేము మేడమ్‌కు భయపడేవాళ్ళం. ఎవరైనా గబగబా రిపోర్టు రాసేస్తే, "శవానికి వేరే పనేం లేదమ్మా. నీకేమన్నా బస్సు ఉండాదా?" అనేవారు. ఎవరిని చూసినా మొదట ముఖం కాదు, చేతులు చూసేవారు. నా పెళ్ళికి వచ్చి, మా ఆయన చేతులు చూసి, "గోళ్ళు కొరుకుతాడు. భయస్తుడు. నీకు సరిపోతాడు" అని ఆశీర్వదించి పోయారు. ఇంతవరకూ ఆ అంచనా తప్పలేదు.

ప్లాస్టిక్ కవరంటే ఆమెకు పగ. తడి వస్తువు ప్లాస్టిక్‌లో పెడితే కుళ్ళుతుంది, ఆరబెట్టి కాగితంలో పెడితే నిలుస్తుంది అన్నది మాకు ఆమె చెప్పిన మొదటి పాఠం. ఆ పాఠాన్ని తిరుచానూరు పూలంగళ్ళ దాకా తీసుకుపోయి, మల్లెలు కవర్లో వేసిన పూలామెతో పోట్లాడి న్యూస్‌పేపర్లో కట్టించుకునేవారు. పక్కన నిలబడ్డ మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇక ఆ హత్యలు. నేను పుట్టకముందు సంగతి. పాకాల నుంచి కాట్పాడి పోయే రైలుకట్ట పక్కన, ఒకే మామిడికాయల కాలంలో, తోటల్లో కాయలు కోసే కూలికి పోయిన ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నలుగురు చనిపోయారు. నలుగురినీ గొంతు నులిమి చంపారు. ఒక తోట కాపలా మనిషిని పోలీసులు పట్టుకుపోయారు, కొట్టారు, ఆధారం దొరక్క వదిలేశారు. ఆ తర్వాత హత్యలు ఆగిపోయాయి. ఊరికి అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. ఆయన ముసలివాడై చనిపోయేదాకా ఎవరూ ఆయన చేతి నుంచి ఒక కాయ కూడా పుచ్చుకోలేదు.

ఆ కాపలా మనిషి కూతురే ఈ పాకాల ఆవిడ. పాత కేసులను కొత్త పరీక్షలతో తేలుస్తున్నారని ఎక్కడో విని, రిటైరై ఇంట్లో ఉన్న మేడమ్‌ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. కుర్చీ చూపిస్తే ఆవిడ కూర్చోలేదు.

"మా నాయన మంచోడని రాసియ్యమని అడగను అమ్మా. ఆయన సంపినాడా లేదా? నాకు అది దెలియాల. ఆ చేత్తోనే నాకు ముద్దలు కలిపి పెట్టినాడు. అది ఎట్లాంటి చెయ్యో తెలీకుండా ఎట్ల బతికేది?"

మేడమ్ ఆమె చేతులకేసి చూస్తూ, "ఆయనే అని తేలితే?" అన్నారు.

"తేలనీండి. అప్పుడన్నా ఏడ్సేదానికి ఒగ దారి ఉంటాది."

మేడమ్ ఆమెకు ఏ మాటా ఇవ్వలేదు. కాఫీ ఇచ్చి పంపారు. ఆమె వీధి మలుపు తిరిగాక నాతో అసలు సంగతి చెప్పారు. ఆ నలుగురి శవపరీక్షలూ చేసింది తనే. అప్పుడు ఉద్యోగానికి కొత్త.

మొదటి అమ్మాయి తల్లి పుత్తూరు దగ్గరి పల్లె మనిషి. ముత్తైదువగా పోయిన బిడ్డను మట్టి చేతులతో పంపొద్దని మార్చురీ వాకిట్లో మేడమ్ కాళ్ళు పట్టుకుందట. కొంగు ముడిలో పసుపు కట్టుకుని తెచ్చింది. ఆ రోజుల్లో గోళ్ళ కింద ఏమి దొరికినా మహా అయితే నెత్తురు గ్రూపు తెలిసేది, అదీ నమ్మకం లేదు. మేడమ్ బిందెతో నీళ్ళు తెప్పించి, ఒక్కొక్క వేలూ తానే కడిగి, పసుపు రాసి అప్పగించారు. ఆ మాట పాకి, తర్వాతి ఇద్దరి వాళ్ళూ వచ్చి అదే అడిగారు. కాదనలేకపోయారు.

"ఆ గోళ్ళల్లో వాడుండినాడు అమ్మీ. ముగ్గురూ వాణ్ణి గీరి, పట్టుకోని తెచ్చినారు నా కాడికి. నేను కడిగి తూములో పోసేసినా."



నాలుగో ఆమె కోసం ఎవరూ రాలేదు. పేరు తెలియలేదు, ఊరు తెలియలేదు. కడగమని బతిమాలేవాళ్ళు లేరు. గోళ్ళకు గోరింటాకు బాగా పండి ఉందట. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే గుర్తుపడతారని మేడమ్ వాటిని కత్తిరించి, ఆరబెట్టి, కాగితంలో పొట్లం కట్టి, సీలు వేసి డిపార్ట్‌మెంట్ మ్యూజియం బీరువాలో పెట్టారు. శవాన్ని మున్సిపాలిటీ వాళ్ళు పూడ్చేశారు. నలుగురిలో ఏడ్చేవాళ్ళు లేని మనిషి చేతులే సాక్ష్యానికి మిగిలాయి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

కేసు మళ్ళీ తెరిపించడానికి ఆ వయసులో మేడమ్ తిరగని ఆఫీసు లేదు. "ఎప్పుడో సచ్చినోళ్ళు, ఇప్పుడెందుకు మేడమ్" అన్న అధికారుల చేతులు కూడా శ్రద్ధగా చూసి వచ్చేవారు. చివరకు కోర్టు ఒప్పుకుంది. బీరువా తెరిచిన రోజు నేనే పొట్లం బయటికి తీశాను. కాగితం పచ్చబడి పెళుసెక్కింది, సీలు చెక్కుచెదరలేదు. మేడమ్ మాస్కు కట్టుకుని, తన ఊపిరి తగిలి నమూనా చెడకుండా తలుపు దగ్గరే నిలబడి, "ఎట్లుండావు తల్లీ" అన్నారు. నన్ను కాదు, పొట్లాన్ని.

గోళ్ళు ల్యాబుకు వెళ్ళాయి. పాకాల ఆవిడ బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఆ నమూనా కూడా పంపారు. తండ్రి లేకపోయినా బిడ్డలో సగం ఆయనే కదా. ఫలితం వచ్చేదాకా ఆవిడ మాటిమాటికీ తిరుపతికి వచ్చేది. ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. మేడమ్ జాకెట్ గుడ్డలు పట్టుకుపోయి కుట్టి తెచ్చేది. మేడమ్‌కు అన్ని జాకెట్లు అవసరం లేదు. అయినా గుడ్డలు కొంటూనే ఉన్నారు.

గోళ్ళ కింద ఒక మగమనిషి ఆనవాలు దొరికింది. అది పాకాల ఆవిడ తండ్రిది కాదు. ఎవరిదో తెలియదు, పోలీసుల దగ్గరున్న ఏ నమూనాతోనూ కలవలేదు. మేడమ్ ఆ మాట ఆమె రెండు చేతులూ పట్టుకుని చెప్పారు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను.

"మిగతా ముగ్గురి మాటేమి?" అంది.

ఊరు అదే అడుగుతుందని ఆవిడకు తెలుసు. తర్వాత అడిగారు కూడా, ఆ ఒక్క హత్యా ఆయన చేయలేదులే, మిగతావి ఆయనవే అని తేల్చేశారు. మేడమ్ కావాలంటే అన్నీ ఒకడి పనేనని సర్దిచెప్పి ఉండవచ్చు. నేనైతే చెప్పేదాన్ని. ఆమె మాత్రం "కనబడిందే చెప్పాల, కనబడాలనుకునింది చెప్పకూడదు" అని మాకు నూరిపోసిన మనిషి.

"అది నేను చెప్పలేను తల్లీ. చెప్పాల్సింది వాళ్ళ చేతుల్లో ఉండె. నేనే కడిగేసినా."

ఆవిడ "కడగకుండా ఇచ్చింటే ఆ తల్లులు ఎట్ల ఎత్తుకోని పోయుందురు?" అంది.

తాను చేసింది తప్పా ఒప్పా అన్నది మేడమ్ చివరిదాకా తేల్చుకోలేదు. తేల్చుకుని ప్రశాంతంగా పోయారని సభలో ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ చంపినవాడు ఇప్పుడు ఏ ఇంట్లో మనవళ్ళను ఎత్తుకుని తిరుగుతున్నాడో, ఏ గోడ మీద దండ వేసిన ఫోటోలో ఉన్నాడో. ఈమధ్య బస్టాండులో మేడమ్ ముసలివాళ్ళ చేతులకేసే చూస్తుండడం గమనించాను.

నేను వెళ్ళేసరికి మేడమ్‌ను వాకిట్లో పడుకోబెట్టారు. పెళ్ళి చేసుకోలేదు, దగ్గరివాళ్ళు ఇంకా దారిలో ఉన్నారు. స్నానం చేయించే ఆడవాళ్ళలో పాకాల ఆవిడే ముందుంది. బిందె పక్కన కూర్చుని మేడమ్ కుడిచేయి ఒళ్ళోకి తీసుకుంది. కడగొద్దు అన్న మాట నా నోటిదాకా వచ్చింది. నిద్రలో పోయిన మనిషి, ఎవరినీ గీరింది లేదు, అయినా ఆ మాట వచ్చింది. ఆవిడ చేయి కూడా ఆగిపోయింది. తలెత్తి నన్ను చూసింది.

నేను పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు పోశాను. ఆవిడ ఒక్కొక్క వేలూ, గోళ్ళ సందులు కూడా వదలకుండా, నిదానంగా కడిగింది. పసుపునీళ్ళు మేడమ్ వేళ్ళ చివరల నుంచి కారి, వాకిట్లో సన్నగా పారి, మట్టిలో ఇంకిపోయాయి.