చక్రాలు కనబడని విమానాలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం అనంతగిరి నుంచి ఫోను వచ్చింది. సైన్సు మాస్టారు పోయారట. పొద్దున్న చర్చికి వెళ్ళొచ్చి, వీధి అరుగు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయారట. మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. నాకు తెలుసు. కానీ చాలా ఏళ్ళు ఆయన కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాను. ఎందుకో ఇవాళ చెప్పేస్తాను.

తొంభైల్లో ఆ కొండల్లోని బడికి తెలుగు టీచరుగా వెళ్ళాను. విజయనగరం వైపు మైదానంలో పెరిగినదాన్ని. అక్కడ నాలుగు వైపులా కొండలు, రోజుకు రెండు బస్సులు, మధ్యాహ్నానికే దిగే మబ్బు. ఊపిరాడేది కాదు. మాస్టారికి మాత్రం ఆకాశం ఉండేది. కాఫీ తోట పైన ఒక బండ మీద పాత కెమెరా, మూరెడు లెన్సు పెట్టుకుని విమానాల కోసం కాచుకునేవారు. కొండల్లో శబ్దం అటూ ఇటూ తగిలి మోసం చేస్తుంది. నాకెప్పుడూ ఉత్త ఆకాశమే కనిపించేది.

"సౌండొచ్చినకాడ సూడకమ్మా, దానికన్నా ముందర సూడు. ఇమానం అప్పటికే ఎల్లిపోయుంటాది," అనేవారు.

ఒకసారి ఎస్.కోట స్టూడియోవాడు రీలు కడిగి, ఒక్క ఫొటో కూడా వేయకుండా పంపాడు. "ఏటి మాస్టారూ, రీలంతా ఆకాశమే! లెన్సు మీద నలక పడ్డాది, తుడుసుకోండి" అన్నాడట. ఆ నలకే విమానం. అది చెప్పుకుని వారం రోజులు నవ్వారు. ఆయన కోరికల్లా ఒక్కటే: విశాఖపట్నం వెళ్ళి, దిగుతున్న విమానాన్ని చక్రాలతో సహా ఫొటో తీయాలి. ఆయన చూసినవన్నీ కాళ్ళు ముడుచుకుని పోయేవే. వేసవి సెలవుల్లో వెళ్దామని రీళ్ళు కూడా కొనిపెట్టుకున్నారు.

ప్రతి విమానాన్నీ ఒక పుస్తకంలో రాసేవారు: టైము, దిక్కు, మబ్బు. హెలికాప్టర్లు మాత్రం రాసేవారు కారు. అడవుల్లో పోలీసుల గాలింపు జరుగుతున్న రోజులవి. "అదొస్తే తల దించుకుని నేల సూడాల," అనేవారు. చాదస్తం అనుకున్నాను. ఒకనాడు ఆయన క్లాసులో ఉండగా హెలికాప్టర్ బడి మీదుగా పోయింది. ఆయన్ని మెప్పించాలని, పుస్తకం తీసి నా గుండ్రని అక్షరాలతో టైము, దిక్కు రాసేశాను.

పది రోజులకు పోలీసు జీపు వచ్చింది. కొండ మీద కెమెరాతో కూర్చునే మనిషి గురించి ఎవరో చెప్పారట. అధికారి పుస్తకం తిరగేసి ఆ పేజీ దగ్గర ఆగాడు.

"మిగతాదంతా కోడి కెలికినట్టుంది. ఇదొక్కటీ ముత్యాల్లా ఉంది. ఎవరు రాశారు?"

నేను అక్కడే ఉన్నాను, చేతిలో సుద్దముక్కతో. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

"నానే రాసేను బాబూ. తీరుబడిగా రాస్తే ఇలగే వస్తాది," అంటూ మాస్టారు నా చేతిలోని సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద అదే వాక్యం గుండ్రంగా రాసి చూపించారు.

కెమెరా, పుస్తకం పట్టుకుపోయారు. ప్రతి ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టాలి, చెప్పకుండా మండలం దాటకూడదు. ఆ వేసవి సెలవులు పోయాయి, తర్వాతవీ పోయాయి. చర్చి నుంచి స్టేషనుకి నడిచివెళ్ళే ఆయన్ని కిటికీలోంచి చూసి సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్ళానో! "టీ తాగెల్లమ్మా" అని మాట మార్చేసేవారు. ఏళ్ళ తర్వాత ఆ సంతకాలు తప్పాక, "ఇప్పుడైనా వైజాగ్ వెళ్దాం మాస్టారూ" అన్నాను.

"ఇక్కడికే అలవాటైపోనానమ్మా," అన్నారు.

నేను బదిలీ పెట్టుకుని కొండ దిగిపోయాను. పిరికిదాన్ని.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన భార్య బియ్యం డబ్బా అడుగు నుంచి నాలుగు నోటుపుస్తకాలు తీసి నా చేతిలో పెట్టారు. "ఇయి నీవే గదమ్మా. నీ రాతే."

విప్పి చూశాను. జీపు వచ్చిన వారం నుంచి మొన్నటిదాకా, విమానం తర్వాత విమానం, అన్నీ నా గుండ్రని అక్షరాలే. వాటిలో ఒక్కటీ నేను రాసింది కాదు. మళ్ళీ ఎవరైనా వచ్చి వెతికితే రాత కలవాలని, మాస్టారు తన రాతే మానుకున్నారు. చివరి పేజీలో, ఆ ఆదివారం తారీఖు కింద, నా అక్షరాల్లో ఇలా ఉంది: "మబ్బు. సౌండు మాత్రమే."