ఉప్పు చాయ్, చెంచాడు నూనె

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున బోధన్ నుంచి ఫోన్. "అన్నా, బావ పోయిండే" అన్నాడు ఉస్తాద్ బామ్మర్ది. నేను నవ్వాను. "నాతోనేనా?" అన్నాను.

తప్పు నాదే. ఒకసారి ఏప్రిల్ ఒకటిన ఉస్తాద్ షెడ్డు షట్టర్‌కి పూలదండ వేలాడదీసి, రోడ్డు మీద పోయేవాళ్లందరినీ ఏడిపించినవాణ్ని నేను. ఉస్తాద్ హోటల్ నుంచి పళ్లు కుట్టుకుంటూ వచ్చి, జనంలో దూరి, "అయ్యో, ఎవలు పోయిండ్రే?" అని తనూ తువ్వాల మొహానికి పెట్టుకున్నాడు. అందుకే ఈసారి కూడా నమ్మలేదు. వెళ్లి చూస్తే ఇంటి ముందు దండ లేదు, చెప్పులున్నాయి. గుమ్మం నుంచి వీధి దాకా చెప్పులే.

ఉస్తాద్ నాకు పని నేర్పినవాడు. నేను ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి ఆయన షెడ్డులో చేరాను. చెరుకు ట్రాక్టర్లు, పొలం పంపులు ఆయన చెయ్యి పడితే లేచి కూర్చునేవి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరుకు తగ్గాక కూడా ఆయన ఏ ఇంజిన్‌నీ కాదనలేదు. ముప్కాల్ వైపు ప్రాజెక్టు నీళ్ల మీద బోట్లు తిప్పే బామ్మర్ది ఒక పాత వాటర్ స్కూటర్ తెచ్చినప్పుడు, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "నీళ్ల మీద ఉరికినా రోడ్డు మీద ఉరికినా, ఇంజిన్‌కు దమ్మే పానం" అన్నాడు.

దమ్మంటే కంప్రెషన్. పిస్టన్ పైకి వచ్చి గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో, అది. మీలో ఎవరైనా పాత వాటర్ స్కూటర్ కొనబోతుంటే ముందు అదే చూడండి, ఆయన చూసినట్టు చూడండి. బ్యాటరీ నిండా ఛార్జింగ్ లేనిదే ఆయన దమ్ము కొలిచే గేజు పెట్టె తెరవనిచ్చేవాడు కాదు. బండిని నీళ్లలో కాసేపు తిప్పి, ఇంజిన్ వేడి మీదుండగానే ఒడ్డుకు లాగాలి. పిస్టన్లు ఆడే రెండు బోర్ల ప్లగ్గులూ పీకాలి. వాటి వైర్లు ఇంజిన్ ఇనుముకు తగిలించి పెట్టాలి. ఒక బోరుకు గేజు బిగించి, రేస్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక ఎక్కను అని ఆగేదాకా సెల్ఫ్ కొట్టాలి. రెండో బోరుకూ అన్నే తిప్పులు. రెండు లెక్కలూ సమానంగా వస్తేనే బండి మంచిది.

ఒకసారి నేను తొందరలో రెండో బోరును సగమే తిప్పి వదిలేస్తే, "ఒక బిడ్డకు నాలుగు ముద్దలు పెట్టి, ఇంకో బిడ్డకు రెండే పెట్టి, వీడెందుకు బక్కగున్నడని అడుగుతవారా?" అన్నాడు. రేస్ తెరవడం మరిచిపోయిన రోజు, "ముక్కు మూసి ఉరుకుమంటున్నవా దాన్ని?" అన్నాడు. అరిగిన బోరులో ఇంత నూనె పోస్తే సందులు కాసేపు మూసుకుపోయి ముల్లు దొంగగా పైకెక్కుతుందని కూడా ఆయనే చూపించాడు. "నూనె పోస్తే ముసలోడు గూడ పెండ్లికొడుకైతడు. రెండు ఘడియలే. గీ దగాకోరు పని ఎవడన్న చేస్తే సూడు."

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. ముల్లు ఎక్కడ ఆగిందో తను చెప్పేవాడు కాదు. ఆ గేజు బటన్ నొక్కేదాకా ముల్లు ఆగినచోటే నిలబడుతుంది. బండి ఎవరిదో, ఎవరు కొంటున్నారో వాళ్లే వంగి, పైకి చదవాలి. "నేను చెప్తే నా మాటైతది. నువ్వు సదువు, నీ కన్నైతది." వాళ్లు చదివాకే బటన్ నొక్కేవాడు.

నా పద్ధతి ఒక్కటే, ఆయన చాయ్‌లో ఉప్పు వేయడం. నెలకోసారైనా వేసేవాణ్ని. మొదటి గుక్కకే ఊసి, పానా పట్టుకుని, "నీ నోట్లె మన్నువడ!" అని షెడ్డు చుట్టూ తరిమేవాడు. ఆ తిట్టు వినకపోతే నాకు ఆ నెల జీతం తీసుకున్నట్టు ఉండేది కాదు.

నాలుగేళ్ల కింద బామ్మర్ది ఆ వాటర్ స్కూటర్ అమ్ముతానన్నాడు. అప్పటికి నేను నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఆటో నడుపుతున్నాను. దాన్ని అమ్మేసి, ప్రాజెక్టు దగ్గర జనాన్ని నీళ్ల మీద తిప్పి బతుకుదామనుకున్నాను. ఉస్తాద్‌ని ఒడ్డుకు తీసుకెళ్లాను.

"నువ్వు మంచిదంటేనే కొంట, ఉస్తాద్."

"నేననరా. నువ్వే సదువు."

మొదటి బోరు నూట ముప్పై చదివాను. గేజు విప్పుతూ ఆయన నా మొహం చూడకుండా, "నోరెండుతుంది. చాయ్ పట్కరాపో" అన్నాడు. నేను ఉరికాను. నా జేబులో ఉప్పు పొట్లం ఉంది మరి. తిరిగొచ్చేసరికి గేజు రెండో బోరుకు బిగించి ఉంది. సెల్ఫ్ కొట్టాం. నూట ముప్పై! "రెండు సమానమే ఉస్తాద్!" అని అరిచాను. ఆయన చాయ్ అందుకుని, అడుగుదాకా తాగి, గ్లాసు బోర్లించి పెట్టాడు. ఊయలేదు, తిట్టలేదు. ఉప్పు సరిపోలేదేమోనని దారి పొడుగునా నా బాధ నాది.

నెల కాకముందే నీళ్ల నడుమ బండి ఆగిపోయింది. నా వెనక ఒక తండ్రి, చిన్న బిడ్డ. చేపలు పట్టేవాళ్లు వచ్చి తాడేసి లాగేదాకా ఆ బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఒడ్డెక్కాక ఆ తండ్రి, "పనిరానోనివి బండెందుకు నడుపుతవే?" అన్నాడు. ఆ మాట ఒడ్డంతా పాకింది. ఆ ఏడు నా బండి మళ్లీ ఎవరూ ఎక్కలేదు. విప్పి చూస్తే రెండో బోరు అరిగిపోయి ఉంది.

ఉస్తాద్ దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆయన బోరులో వేలు తిప్పి, "పెట్రోల్‌ల నూనె తక్కువ కలిపినవేమో, అందుకే అరిగింది" అన్నాడు. తనే ఇంజిన్ బాగుచేసి ఇచ్చాడు, రూపాయి పుచ్చుకోలేదు. ఎంత పెద్ద మనసని కంఠేశ్వర్ అంతా చెప్పుకున్నాను. అప్పటి నుంచి నాలుగేళ్లు, పెట్రోల్‌లో నూనె కలిపిన ప్రతిసారీ రెండుసార్లు కొలిచాను, పసిబిడ్డకు మందు పోసినట్టు.

పదో రోజు అక్క, అంటే ఉస్తాద్ భార్య, గేజు పెట్టె నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నడు తమ్మీ." తెరిస్తే గేజు పక్కన స్టీలు చెంచా, జిడ్డుతో నల్లబడి ఉంది.

"ఏందక్కా, ఉస్తాద్ గేజుకు బువ్వ తినిపిస్తుండెనా?"

అక్క నవ్వలేదు. "నీకెరుకనే అనుకున్న" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "నేనే బతిమాలిన. మా తమ్ముడు గా బండి అమ్ముడుపోక గోస పడ్తుండె. నువ్వు చాయ్‌కు పోయినంక రెండో బోరుల గీ చెంచతోని నూనె పోసిండట. ఆ దినం బువ్వ ముట్టలే. 'వాడు ఉప్పేసిండు, మంచిగ చేసిండు' అన్నడు. చెంచ కడుగుతనంటే కడగనియ్యలే."

నూనె పోసినందుకు కూడా నాకంత కోపం లేదు. బామ్మర్ది, భార్య, ఇల్లు. ఎవరి గోస వాళ్లకుంటుంది. "నూనె తక్కువ కలిపినవేమో" అన్నాడు చూడండి, అది మింగుడు పడటం లేదు. నాలుగేళ్లు నా చేతుల్ని నేనే అనుమానించేటట్టు చేశాడు. పైగా జవాబు చెప్పకుండా పోయాడు. పోయినవాడి చాయ్‌లో ఉప్పెలా వేయాలి? గట్టిగా తిడదామంటే, చేతిలో పానా పట్టే తీరు కూడా ఆయన నేర్పిందే.

నిన్న వర్ని నుంచి ఒక రైతు వచ్చాడు, ఆ వాటర్ స్కూటర్ కొంటానని. అమ్ముడుపోతే మళ్లీ ఆటో కొనుక్కోవాలని నా ఆశ. రెండో బోరు మళ్లీ అరిగిందని నాకు తెలుసు, ఆ రైతుకు తెలియదు. బ్యాటరీ నిండుగా ఉంది, ఇంజిన్ వేడిగా ఉంది, ప్లగ్గులు పీకాను. మొదటి బోరు ఆయనే చదివాడు, నూట ఇరవై. తువ్వాలతో మెడ తుడుచుకుంటూ అన్నాడు.

"అన్నా, ఎండ దంచుతుంది. చాయ్ పట్కరావాల్నా?"

పెట్టె తెరిచే ఉంది. చెంచా పైనే ఉంది. నూనె డబ్బా నా కాలి దగ్గరే ఉంది.

"వద్దు పటేలా. ఈడనే నిలబడు. కండ్లు తెరిచి సూడు."

రెండో బోరుకు గేజు బిగించి, రేస్ పూర్తిగా తెరిచి, అన్నే తిప్పులు తిప్పాను. ఆయన వంగి చదివాడు. "తొంబై." మళ్లీ వంగి, "తొంబయ్యేనే" అన్నాడు. తువ్వాల భుజాన వేసుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

బండి ఇంకా ఒడ్డు మీదే ఉంది. గేజు ఆ బోరుకే ఉంది. బటన్ నొక్కితే ముల్లు సున్నాకు పడుతుంది. నొక్కలేదు. పొద్దున వెళ్లి చూశాను. అద్దం మీద నీటి చెమ్మ పట్టింది, లోపల ముల్లు తొంబై దగ్గరే నిలబడి ఉంది.