లింగమ్మ కడిగిన అద్దాలు

నంద్యాలలో పటాలు కట్టే మద్దిలేటి మాట తక్కువ మనిషి. దేవుడి బొమ్మ అయినా, పెళ్లి ఫోటో అయినా అతని చేతికిస్తే చెక్కలు కలిసినచోట వెంట్రుక కూడా దూరదని ఊళ్లో పేరు. అంగడి ముందు బల్లమీద కూర్చుని లోకాభిరామాయణం చెప్పుకునేవాళ్లు చాలామందే ఉండేవారు గానీ, అతనికి నిజమైన స్నేహితుడు సుంకన్న ఒక్కడే.

సుంకన్న ఏ పత్రికకూ జీతగాడు కాదు. ఒక పాత కెమెరా, ఒక సైకిలు, అవే అతని ఆస్తి. నైజాములో రైతులు దొరలమీద తిరగబడ్డ రోజుల్లో కృష్ణ దాటి ఆ పల్లెల్లోకి పోయాడు. గడీల ముందు గుమిగూడిన జనాన్ని, రాళ్లు రువ్వే వడిసెలలు పట్టిన ఆడవాళ్లను, తుపాకి ఒళ్లో పెట్టుకుని జొన్న గటక తింటున్న కుర్రవాళ్లను, కాలిపోయిన ఇళ్లను ఫిల్ముకు బదులు మందు పూసిన గాజు ప్లేట్లమీదికి ఎక్కించుకుని వచ్చాడు. మద్రాసు పత్రికలు ఒకటీ అరా వేసి మిగతావి తిప్పి పంపాయి.

1953 ఎండాకాలానికి సుంకన్నకు క్షయ ముదిరింది. ఒకనాడు ఆ ప్లేట్లున్న ట్రంకు పెట్టెను జట్కాలో వేసుకుని అంగడికి వచ్చాడు.

"ఈటిని నీ కాడ పెట్టుకో మద్దిలేటన్నా. నేను పోతే మావోళ్లు పాతసామాన్లోడికి ఏస్తారు."

"యాడికి పోతావులేప్పా."

"నా సంగతి ఇడ్సిపెట్టు. ఈ ప్లేట్లలో ఉండేటోళ్లు సగం మంది ఇప్పుడు లేరు. ఈళ్లు బతికినారని చెప్పేదానికి ఇంకేం లేదు. ఎవురన్నా అడిగేదానికొస్తే చూపియ్యి."

సరేనన్నాడు మద్దిలేటి. వానలు పడకముందే సుంకన్న పోయాడు.

పోరాటం ఆగిపోయింది గానీ భయం ఆగలేదు. ఆ నెలలోనే ఒక పోలీసు తన ఫోటోకు పటం కట్టించుకోవడానికి వచ్చి, బల్లమీద కూర్చుని, "సుంకన్న నీ కాడికి వస్తాండె గదా?" అన్నాడు. ఊరికే అన్నాడేమో. మద్దిలేటి మాత్రం ఊరికే అన్నాడనుకోలేదు. ఆ వారంలోనే పెట్టెను బస్సుపైన వేయించుకుని ఆళ్లగడ్డకు పోయాడు.

ఆళ్లగడ్డలో అతని అక్క లింగమ్మ ఉండేది. మొగుడు పోయినా జొన్నచేను తానే చేయించుకుంటూ ఎవరి ముందూ తలవంచని మనిషి. తల్లి చనిపోయాక మద్దిలేటిని చంకనేసుకుని పెంచింది ఆమే. "ఇందులో ఏందబ్బయ్యా?" అని అడిగితే నిజం నోటిదాకా వచ్చింది. తెలిస్తే ఆమెకూ ముప్పేననుకుని మింగేశాడు.

"పటాలకు పనికొచ్చే అద్దాలక్కా. ఎవుర్నీ ముట్టనియ్యద్దు."

ఆమె ముట్టనివ్వలేదు. అటకమీద పెట్టి, పండక్కి ఇల్లు అలికినప్పుడు కూడా దాని జోలికి ఎవరినీ పోనివ్వలేదు. ఏళ్లు గడిచాయి. రాజధాని కర్నూలుకు వచ్చింది, కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. నైజాము పల్లెలూ ఈ పల్లెలూ ఒకే రాష్ట్రమయ్యాయి. భయపడాల్సింది ఏమీ మిగల్లేదు. అయినా మద్దిలేటి అక్కకు నిజం చెప్పలేదు. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతుందేమోనని మొహమాటం. చెప్పవలసిన అవసరం కూడా పడలేదు, ఎవరూ అడగడానికి రాలేదు గనక.

1958 చలికాలంలో ఒకామె వచ్చింది. పేరు మణెమ్మ, దేవరకొండ దిక్కు పల్లె. డోన్‌లో రైలు మారి, దారి పొడుగునా సుంకన్న గురించి వాకబు చేసుకుంటూ అంగడి పట్టుకుంది.

"సుంకన్న దోస్తువు నువ్వేనా అన్నా? మా తమ్ముడు దళంల ఉండె. మా ఇంటి ముంగట నిలబెట్టి ఆ అన్న ఫోటువ తీసిండు. నెలకే తమ్ముడు పాయె. వాని మొఖం మరుస్తున్ననని మా అమ్మ ఏడుస్తది."

మద్దిలేటి అంగడి మూసేశాడు. బస్సులో ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్నడూ లేనంతగా మాట్లాడాడు. సుంకన్న చెప్పిన పని ఇన్నాళ్లకు చేయబోతున్నానని అతని సంతోషం.

లింగమ్మ ఇద్దరికీ రొట్టె పెట్టి, పెట్టె దించి తెచ్చింది. మూత తీస్తే పాత చీరముక్కల మధ్య అద్దాలు తళతళలాడుతున్నాయి.

"పోయినేడు వానలకు మిద్దె ఉరిసి పెట్టెలోకి నీళ్లు దిగినాయబ్బయ్యా. అద్దాలకు చుట్టిన కాగితాలు కరుచుకుని బూజు పట్టె. నల్లగా మసి మాదిరి ఏందో అంటుకోనుండె. నీ అద్దాలు పాడైతాయని సోడా ఏసి ఉడుకునీళ్లతో రుద్ది రుద్ది కడిగితి. పక్కింటోళ్ల పటం అద్దం పగిలితే ఒకటిస్తి. ఏమనుకోవద్దు."

మద్దిలేటి ఒక అద్దం తీసి వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాడు. ఇంకొకటి చూశాడు. అన్నిటిలోంచీ ఎదురింటి గోడే కనిపించింది.

"ఏదన్నా?" అంది మణెమ్మ.

అప్పుడు నిజం చెప్పాడు, ఇద్దరికీ కలిపి, గడపమీద కూర్చుని. లింగమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"నాకు చెప్పింటే చాలు గదబ్బయ్యా," అంది చివరికి. "మసి అనుకుంటి. మనుషులని చెప్పింటే తడిగుడ్డ గూడా తాకనిస్తాంటినా?"

మద్దిలేటి లేచి పక్కింటికి పోయాడు. గోడమీది అహోబిలం స్వామి పటం దించమని అడిగి, ఎండకు ఏటవాలుగా తిప్పి తిప్పి చూశాడు. ఎవరి నీడా లేదు. ఏం చూస్తున్నాడో ఆ ఇంటివాళ్లకు అర్థం కాలేదు. అతనూ చెప్పలేదు.

పెట్టె అడుగున కొన్ని ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఊడదీయలేక లింగమ్మ వాటిని అట్లాగే వదిలేసింది. మద్దిలేటి వాటిని నంద్యాలకు తెచ్చి, ఫోటో స్టూడియో యేసుదాసు చేతిలో పెట్టాడు. యేసుదాసు చన్నీళ్లలో నానబెట్టి, ఓపిగ్గా విడదీసి, దక్కినవాటిని కాగితంమీద అచ్చు తీశాడు. కొన్ని ముఖాలు సగం లేచిపోయాయి. మణెమ్మ ఒక్కొక్కటీ కళ్లదగ్గర పెట్టుకుని చూసింది. ఆమె తమ్ముడు వాటిలో లేడు.

ఒక బొమ్మను మాత్రం చాలాసేపు పట్టుకుంది. వడిసెల పట్టిన పిల్ల.

"ఇది మా ఊరి పిల్లనే. దీని తల్లి ఉన్నది. ఇస్తవా?"

ఇచ్చాడు. మణెమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని, అతన్ని ఒక్క మాటా అనకుండా రైలెక్కింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు మద్దిలేటి.

మిగిలిన బొమ్మలకు పటాలు కట్టి అంగడి గోడకు తగిలించాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అవేమిటో చెప్పడం మొదలుపెట్టాడు. అయిదేళ్లు దాచినది ఇప్పుడు బజారంతా చెప్పినా, పోయిన ముఖాలు తిరిగి రావని అతనికి తెలుసు. ఆళ్లగడ్డకు పోయినప్పుడు అక్క ఎప్పటిలాగే అన్నం పెట్టేది. అద్దాల మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు.

1960లో లింగమ్మ కంటిచూపుకు మందు కోసం నంద్యాల వచ్చి, మొదటిసారి ఆ గోడ ముందు నిలబడింది. ఒళ్లో తుపాకి పెట్టుకుని గటక తింటున్న కుర్రవాడి దగ్గర ఆగింది.

"ఈ అబ్బి పేరేంది?"

"తెల్దక్కా. పేర్లు కాగితాలమీద రాసినాడు సుంకన్న. అవి నానిపాయె."

ఆమె సరిగా ఆనని కళ్లతో ఆ కుర్రవాణ్ణే చూస్తూ బస్సు వేళయ్యేదాకా నిలబడింది.