దేవిక గాజుముక్క

దేవికతో నాకు పెద్ద తలనొప్పి. కోదాడలో మా ఇంజినీరింగ్ కాలేజీలో నాతోపాటే ఫిజిక్స్ చెబుతుంది. తల్లితో ఉంటున్న మిర్యాలగూడ నుంచి రోజూ బస్సులో పడి వస్తుంది కదా, ఖాళీ పీరియడ్‌లో కాసేపు కళ్లు మూసుకోవచ్చుగా! ఊహూఁ. ఎవరూ అడగకపోయినా లోహపు పొరల ముచ్చటే.

"గాజు మీద ఇనుము, నికెల్ కలిపి ఆవిరిగ పట్టిస్తమక్కా. వెంట్రుక మందంల వెయ్యో వంతు. అండ్ల కంటికి ఆనని లోహపు గింజలుంటయ్. గింజ సన్నగుంటే అయస్కాంతం ఎటు తిప్పితే అటు తిరుగుతది. జర ఎక్కువ కాగిందో, గింజ పెరిగి మొండికేస్తది."

"అచ్చం నీలాగే," అనేదాన్ని. నవ్వేసేది.

సొంతూరు త్రిపురారం, గొర్రెలు కాసుకునే ఇల్లు వాళ్లది. హైదరాబాదులో పరిశోధన సగంలో ఉండగా తండ్రికి పక్షవాతం వచ్చింది. సేవ చేయడానికి వచ్చేసింది. ఆయన పోయాక చూసుకుంటే గైడు రిటైరయ్యాడు, పొరలు పట్టించే యంత్రాన్ని తీసేశారు. పొర పట్టించి సరిగ్గా కాచిన ఒకే ఒక్క గాజుముక్క ఆమె దగ్గర మిగిలింది, కొలవకుండానే. ఆ కొలత దేవిక చెప్పినట్టు వస్తే మళ్లీ చేర్చుకుంటానన్నాడు కొత్త సారు. "ల్యాబు యాదికొస్తే బుక్క దిగదక్కా," అనేది. నిజంగానే టిఫిన్ డబ్బా అట్లాగే మూసేసేది.

చివరికి కొలతకు తేదీ ఇచ్చారు. ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తల్లి సత్తెమ్మ ఆ గాజుముక్కను వెలుతురుకు పట్టి చూపించింది.

"సూడు బిడ్డా, ఎట్ల మెరుస్తున్నదో! మసి పట్టిన అద్దాన్ని పెద్దసార్ల ముందట పెడ్తవా? నలుగురు నవ్వరూ? చింతపండు, బూడిదె ఏసి రుద్దిన. చేతులు గుంజినయ్ గనీ ఇడిసిపెట్టలే."

పొర మొత్తం పోయింది. గాజులోంచి తల్లి మొహం స్పష్టంగా కనబడిందట.

ఫోన్లో విని నాకు ఒళ్లు మండింది. "ఒక్క మాటైనా అనలేదా?"

"ఏమనాలక్కా? నా కోసమే గదా రుద్దింది."

తెల్లారి ఆ వట్టి గాజు పట్టుకునే హైదరాబాదు పోయింది, పిచ్చిది! కొలిచే యంత్రంలో పెట్టించింది. పొర ఉంటే తెర మీద మెలిక తిరిగిన గీత రావాలట. తిన్నటి గీత వచ్చింది. "ఇందులో ఏమీ లేదమ్మా," అన్నాడు సారు. తెలుసని చెప్పి, ఇంకాసేపు కూర్చోవచ్చా అని అడిగిందట. ఆ గదిని వదిలి రావడానికి కాళ్లు రాలేదంది నాతో.

సత్తెమ్మ గడపలోనే ఎదురుచూస్తోంది.

"ఏమన్నరు బిడ్డా?"

"శానా శుభ్రంగ ఉన్నదన్నరమ్మా."

"నేను చెప్పలే!" సత్తెమ్మ మొహం విప్పారింది. "మరి చదువుకు ఎప్పటి నుంచి రమ్మన్నరు?"

దేవిక చెప్పులు విప్పుకోవడానికి వంగింది. విప్పినవాటినే గోడవారకు సర్దుతూ ఉంది.