రంగులు రాని పసుపు మండీ

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, వెబ్‌పేజీలకు రంగులు, రూపు ఇచ్చే స్టైల్ లైబ్రరీని ఒక్క కమాండుతో, సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌లోకి చేర్చి, పేజీ నిండా రంగులు తెప్పించి నావైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను గానీ చెవులు వేడెక్కాయి. ఆ పని మనల్ని ఎంత తిప్పలు పెట్టేదో నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది.

కడపలో ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్న రోజుల్లో, మైదుకూరులో పసుపు మండీ నడిపే మా మేనమామ నన్ను నమ్మి, మండీకి వెబ్‌సైటు చేయమన్నాడు. బయటి ఊళ్ల వ్యాపారులు అది చూసి సరుకు అడగాలని ఆయన ఆశ, నలుగురిలో పేరు రావాలని నా ఆశ. నా కంప్యూటర్లో పసుపురంగు పట్టీలు, గుండ్రటి బటన్లు ముచ్చటగా కనిపించాయి. అందరికీ కనిపించేలా సర్వర్ మీద పెట్టాక మాత్రం, ముహూర్తానికి ముందు ఎవరూ తెరవకూడదని మామ పట్టుబట్టాడు. కొత్త అంగడి తలుపు ముందే తీస్తామా అన్నది ఆయన వాదన. నేనూ సరేనని ఒక్కసారైనా తెరిచి చూడలేదు. నా కంప్యూటర్లో రంగులుండే స్టైల్ ఫైళ్లను ఫ్రేమ్‌వర్కే అందించేదనీ, సర్వర్ మీద వాటిని మనమే ఒకచోట చేర్చి పెట్టాలనీ అప్పటికి నాకు తెలియదు.

టెంకాయ కొట్టి, మానిటర్‌కు బొట్టు పెట్టి, బద్వేలు నుంచి, నందికొట్కూరు నుంచి వచ్చిన వ్యాపారుల ముందు మామ బటన్ నొక్కితే, తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు, కింద గీతలున్న నీలం లింకులు ఎడమవైపుకు ఒదిగి బోసిగా వచ్చాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను. మామ మాత్రం తడుముకోకుండా, "నేనే ఇట్ల చేయమంటినప్పా. రంగులెందుకు? సదువుకునేకి శానా బాగుండాది" అన్నాడు.

సాయంత్రానికి తప్పు దొరికింది. నా కంప్యూటర్లో సరిచేసిన పేజీ చూపిస్తే ఆయన కళ్లు మెరిశాయి, కానీ సర్వర్ మీద పెట్టనివ్వలేదు.

"వద్దు పాపా. నేనే చేయమంటినని అందరికీ చెప్తిని కదా. ఇప్పుడు మారిస్తే తప్పు నీదని తెలిసిపోతాది."

ఆయన మండీ మూసేదాకా ఆ పేజీ అలాగే ఉంది. జీవితమంతా పసుపు అమ్మిన మనిషికి ఒక్క పసుపు గీతైనా ఇవ్వలేకపోయానని ఇప్పటికీ నాకు సిగ్గే. ఈ రోజుల్లో పని తేలికైంది, తప్పు ఎవరిదో తేల్చడం అంతకన్నా తేలికైంది. రేపు ఆ అమ్మాయి పేజీ నలుగురి ముందు బోసిగా వస్తే, నేనే అలా చేయమన్నానని మామలా చెప్పగలనా అని నన్ను నేనే అడిగితే, ఔనని అనలేకపోతున్నాను.